పాఠం చూసే వారికి: చేయవలసినవి, చేయకూడనివి

కాంప్లెక్స్ హెచ్ఎంలు, ఎంఈవోలు, సీఆర్పీలు, సొంత బడిలో పాఠాలు చూసే ప్రధానోపాధ్యాయులు, తోటి టీచరు పిలిస్తే వెళ్లి కూర్చునే టీచర్లు, అందరికీ ఈ సూచనలు వర్తిస్తాయి.

పాఠం చూసి అభిప్రాయం చెప్పడం ప్రమాదం లేని పని అనుకోకండి. క్లూగర్, డెనిసి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1996లో ఇలాంటి అభిప్రాయాల మీద వచ్చిన వందకు పైగా అధ్యయనాలను కలిపి చూశారు. అవన్నీ బళ్లలో జరిగినవి కావు. సగటున మేలే తేలింది గానీ, మూడో వంతుకు పైగా సందర్భాల్లో అభిప్రాయం విన్నాక పనితీరు తగ్గింది. తరగతిలో ఆ నష్టం టీచరుతో ఆగదు, పిల్లల దాకా పోతుంది. కాబట్టి కింది వాటిని తప్పకుండా పాటించండి.

చేయవలసినవి

వెళ్లే ముందు

• ఏ రోజు, ఏ పీరియడ్, ఏ తరగతి చూస్తారో టీచరుకు ముందుగా చెప్పండి.

• ఎందుకు వస్తున్నారో కూడా చెప్పండి. కారణం తెలియకపోతే ఎవరికైనా తనిఖీ అనే అనిపిస్తుంది.

• ఏం చూడమంటారో టీచరునే అడగండి. "వెనక వరస పిల్లలు నోరు విప్పుతున్నారో లేదో చూడండి సార్" అంటే ముందుగా అదే చూడండి.

• ఆ రోజు పాఠాన్ని పుస్తకంలో చదువుకుని వెళ్లండి.

• ఆ గదిలో ఎన్ని తరగతులు కూర్చుంటాయో తెలుసుకోండి. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒకే టీచరు ఒకటి నుంచి ఐదు దాకా చూసుకోవాలి. అక్కడి పాఠాన్ని అక్కడి కొలతతోనే చూడండి.

• పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో కనుక్కోండి. గోండి, కోయ, సవర, లంబాడీ ఇళ్ల నుంచి వచ్చిన పిల్లల మౌనానికి చాలాసార్లు భాషే కారణం.

• పరిశీలన పత్రాన్ని ముందే చదివి, ఏ అంశానికి ఏ మార్కు ఎప్పుడు వేయాలో నేర్చుకోండి. ప్రపంచ బ్యాంకు 2019లో విడుదల చేసిన, ఆంధ్రప్రదేశ్ బళ్లలోనూ వాడిన 'టీచ్' సాధనానికి పరిశీలకులు శిక్షణ తీసుకుని పరీక్ష నెగ్గాలి. మీ చేతిలో ఉన్నది ఒక్క పేజీ పత్రమైనా అంతే శ్రద్ధ పెట్టండి.

గదిలో

• బెల్లు కొట్టకముందే తలుపు దగ్గర ఉండండి.

• టీచరు అనుమతి అడిగి లోపలికి వెళ్లండి; ఆ గదికి పెద్ద దిక్కు ఆయనే అని పిల్లలకు తెలియాలి.

• మిమ్మల్ని టీచరే ఒక్క మాటలో పరిచయం చేయనివ్వండి.

• పక్క గోడ వెంట కూర్చోండి. వెనక కూర్చుంటే పిల్లల వీపులే కనిపిస్తాయి, పక్కన కూర్చుంటే ముఖాలు, పలకలు, నోటు పుస్తకాలు కనిపిస్తాయి.

• పీరియడ్ ముగిసేదాకా గది వదిలి వెళ్లకండి. మొదటి పది నిమిషాల్లో టీచరు మాట వినిపిస్తుంది. పిల్లలకు ఏం వచ్చిందో చివరి పది నిమిషాల్లో గానీ బయటపడదు.

• టీచరు కన్నా పిల్లలనే ఎక్కువసేపు చూడండి.

• నోటు పుస్తకాలు చూడాలంటే పిల్లలు సొంతంగా పని చేసుకుంటున్న వేళ చూడండి.

• ఫోను సైలెంట్‌లో పెట్టి జేబులోనో సంచిలోనో ఉంచండి.

రాసుకునేటప్పుడు

• విన్న మాటను విన్నట్టే, పక్కన టైము వేసి రాయండి.

• కాగితాన్ని మధ్యకు మడవండి. చూసినది ఎడమ వైపు, మీకు తోచినది కుడి వైపు రాయండి.

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు, అందుకే ఒక ఉదాహరణ. మూడో తరగతి, లెక్కల పీరియడ్. నల్లబల్ల మీద 52 లోంచి 27 తీసివేత జరుగుతోంది. మీ కాగితం ఇలా ఉండాలి:

10.12 – టీచరు: ఎంతొచ్చింది? అందరూ: ఇరవై ఐదు.
10.13 – టీచరు: అర్థమైందా? అందరూ: అర్థమైంది సార్.
10.19 – సొంతంగా చేయమని 63 – 28 ఇచ్చారు. కిటికీ పక్క వరసలో నలుగురి పలకల మీద 45.

పిల్లలు ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అని చూడకుండా, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నారని ఆ 45 చెబుతోంది. ఎనిమిదిలోంచి మూడు తీసి ఐదు, ఆరులోంచి రెండు తీసి నాలుగు. ఈ మూడు వరసలు చూపిస్తే చాలు, టీచరు తానే అందుకుంటారు. "అప్పు తెచ్చుకోవడం సరిగా చెప్పలేదు" అని రాసుకుంటే అది మీ తీర్పు. అక్కడి నుంచి వాదన మొదలవుతుంది.

• పిల్లలు కూర్చున్న వరసల బొమ్మ గీసుకోండి. టీచరు ఎవరిని ప్రశ్న అడిగితే ఆ చోట ఒక గీత పెట్టండి.

• పాఠం అయ్యాక ఆ గీతలు లెక్కపెట్టండి: ఆడపిల్లల వైపు ఎన్ని, వెనక వరసకు ఎన్ని, ఒక్క గీతా పడని పిల్లలు ఎందరు.

• ప్రశ్న అడిగాక టీచరు ఎంతసేపు ఆగుతున్నారో మనసులో లెక్కపెట్టండి. సాధారణంగా ఈ వ్యవధి ఒక సెకను దాటదనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయనీ, పలికే పిల్లలు పెరుగుతారనీ మేరీ బడ్ రో 1970లలో అమెరికా తరగతుల్లో చూపించారు.

• మాట ఎవరిది ఎంతో తెలియాలంటే బీఎడ్‌లో చదివిన ఫ్లాండర్స్ పద్ధతిని బయటికి తీయండి. 3 సెకన్లకు ఒక అంకె, మొత్తం 10 వర్గాలు: టీచరు మాటకు 7, పిల్లల మాటకు 2, మౌనానికో గందరగోళానికో 1. పీరియడ్ మొత్తం కష్టమనుకుంటే పది నిమిషాలు వేయండి.

• బాగా జరిగినదాన్ని కూడా ఇంతే వివరంగా, ఇంతే ఆధారంతో రాయండి.

మాట్లాడేటప్పుడు

• అదే రోజు మాట్లాడండి. రెండు రోజులైతే ఇద్దరికీ పాఠం గుర్తుండదు, మీ రాక మాత్రమే గుర్తుంటుంది.

• మీ మాట ఇతరుల చెవిన పడని చోటు, మీరిద్దరూ ఇతరుల కంటికి కనిపించే చోటు ఎంచుకోండి. ఖాళీ తరగతి గదైతే తలుపు తీసి ఉంచండి.

• ఇద్దరికీ ఒకే రకం కుర్చీ వేయించండి.

• వయసులో చిన్నవారైనా "మీరు" అనే పిలవండి; సార్, మేడమ్, గారు అనేవి వదలకండి.

• మొదట టీచరునే చెప్పనివ్వండి. "పాఠం ఎలా నడిచిందనిపించింది మేడమ్?" అని అడిగి ఆగండి. ఆమె మాట పూర్తయ్యేదాకా కాగితం తీయకండి.

• మెచ్చుకోలును ఫలానా అని చెప్పండి. "బాగుంది" అంటే ఏది బాగుందో తెలియదు. "ఆ బాబు తప్పు చెప్పినప్పుడు కూర్చోమనలేదు, 'ఎలా చేశావో బోర్డు మీద చూపించు నాన్నా' అన్నారు, తర్వాత ఇంకో ఇద్దరు చేయి ఎత్తారు" అని చెప్పండి.

• రాసుకున్న కాగితాన్ని టీచరు ముందు పెట్టి ఇద్దరూ కలిసి చదవండి.

• తీర్పు చెప్పే ముందు ప్రశ్న అడగండి: "కిటికీ పక్క నలుగురూ 45 ఎందుకు వేశారంటారు?"

• ఒక్క సూచన చేయండి. ఎనిమిది లోపాలు కనబడినా, పిల్లలకు అన్నిటికన్నా అక్కరకొచ్చేది ఒకటి ఎంచి అదే చెప్పండి.

• ఆ సూచన రేపటి పీరియడ్‌లో చేయగలిగినదిగా ఉండాలి. "పిల్లల భాగస్వామ్యం పెంచండి" అంటే రేపు ఏం చేయాలో ఎవరికీ తెలియదు. "అర్థమైందా అని అడిగే బదులు అందరినీ పలకల మీద జవాబు రాసి పైకెత్తమనండి" అంటే ఎవరైనా చేయగలరు.

• టీచరు అడిగితే మీరే చేసి చూపండి. మరుసటి పీరియడ్‌లో పది నిమిషాలు బోధించి, టీచరును చూడమనండి.

• టీచరు చెప్పే ఇబ్బందిని రాసుకోండి. బీఎల్వో డ్యూటీ, యాప్‌లో ఎక్కించాల్సిన ఫొటోలు, రాని వర్క్‌బుక్కులు, కారుతున్న పైకప్పు, ఇవన్నీ పాఠం మీద పడే భారాలే.

• అందులో మీ చేతిలో ఉన్నదేదో, ఎప్పటికి చేస్తారో తేదీతో చెప్పండి.

• వెళ్లే ముందు, అనుకున్నదేమిటో టీచరునే తన మాటల్లో చెప్పమనండి. మీరు చెప్పినదీ ఆయన విన్నదీ ఒకటో కాదో అప్పుడే తేలుతుంది.

• రాసినదాని ప్రతి టీచరుకు ఇవ్వండి.

తర్వాత

• రెండు వారాల్లో మళ్లీ వెళ్లండి. ఆ ఒక్క సూచన ఎక్కడిదాకా వచ్చిందో చూడండి.

• టీచరు ప్రయత్నించి ఫలితం రాకపోతే సూచననే మార్చండి.

• ఒకే టీచరును వేర్వేరు పరిశీలకులు చూసేలా ఏర్పాటు చేయండి. గేట్స్ ఫౌండేషన్ సాయంతో సుమారు 3,000 మంది అమెరికన్ టీచర్లతో నడిచి 2013లో ముగిసిన పెద్ద అధ్యయనం తేల్చిన విషయాల్లో ఇదొకటి: ఒక్కరే మళ్లీ మళ్లీ చూసినదాని కన్నా రెండో మనిషి చూసినప్పుడు అంచనా నమ్మదగినదవుతుంది.

• మంచి పాఠం కనబడితే, ఆ టీచరు ఒప్పుకుంటే, కాంప్లెక్స్ సమావేశంలో డెమో పాఠంగా పెట్టించండి.

• ఏటా కనీసం 50 గంటల వృత్తి అభివృద్ధి ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. టీచరుకు ఏ శిక్షణ అవసరమో మీ పరిశీలన నుంచే గుర్తించి ఆ గంటలను అటు మళ్లించండి.

పిల్లలకు హాని కనబడితే

ఇక్కడ మాత్రం పై మర్యాదలన్నీ వెనక్కి జరుగుతాయి.

• టీచరు పిల్లవాణ్ని కొడుతుంటే వెంటనే ఆపండి. అది సూచనతో పోయే విషయం కాదు, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది.

• కులం పేరుతో, ఇంటి పేదరికంతో, శరీర లోపంతో పిల్లలను కించపరిస్తే విన్న మాటను విన్నట్టే రాసి, అదే రోజు హెచ్ఎంకు, పై అధికారికి తెలియజేయండి.

• లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పండి. పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం నేరం.

• ఏం చేయాలో తోచకపోతే 1098కి ఫోను చేయండి.

• కరెంటు తీగ వేలాడుతున్నా, గోడ బీటలు వారినా, పైకప్పు పెచ్చులు ఊడుతున్నా పరిశీలన ఆపి ముందు పిల్లలను బయటికి పంపించండి.

చేయకూడనివి

గదిలో

• చెప్పకుండా వెళ్లి కిటికీ పక్కన నిలబడి వినకండి.

• పాఠం మధ్యలో టీచరును సరిదిద్దకండి. నల్లబల్ల మీద తప్పు పడినా సరే, చీటీ రాసి ఇవ్వండి లేదా పిల్లలు పని చేసుకునే వేళ దగ్గరికెళ్లి మెల్లగా చెప్పండి. నలభై మంది పిల్లల ముందు పోయిన మాట విలువ మళ్లీ కూడగట్టుకోవడానికి టీచరుకు నెలలు పడుతుంది.

• చాక్‌పీస్ లాక్కుని పాఠం అందుకోకండి, అడిగితేనే బోధించండి.

• పిల్లలను నిలబెట్టి ఎక్కాలు, రాజధానులు అడిగి టీచరును అంచనా వేయకండి.

• "మీ సార్ రోజూ ఇలాగే చెబుతారా?" అని పిల్లలను అడగకండి; ఏ జవాబు చెప్పినా రేపు ఇబ్బంది పడేది ఆ పిల్లలే.

• టీచరు కుర్చీలో కూర్చోకండి.

• పక్కన వచ్చిన వారితో గుసగుసలాడకండి.

• వీడియో తీయకండి. టీచరు ఒప్పుకుని, అది ఇద్దరే చూసుకోవడానికైతే తప్ప కెమెరా బయటికి తీయకండి.

• పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

• భోజనం బెల్లు దాటేదాకా పిల్లలను కూర్చోబెట్టకండి.

రాతలో

• "క్లాసు చప్పగా ఉంది", "టీచరుకు ఆసక్తి లేదు" లాంటి మాటలు రాయకండి. ఆసక్తి కంటికి కనిపించదు, చేసిన పని కనిపిస్తుంది.

• గోల ఉంటే క్రమశిక్షణ లేదనీ, నిశ్శబ్దంగా ఉంటే పాఠం బాగుందనీ అనుకోకండి. జట్లుగా పని చేసే పిల్లలు మాట్లాడకుండా ఉండలేరు. భయపడిన పిల్లలు కదలకుండా కూర్చుంటారు.

• గోడ మీది చార్టులు, బల్ల మీది టీఎల్ఎం చూసి మార్కులు వేయకండి. పిల్లల చేతికి వచ్చాయో లేదో చూడండి.

• లెసన్ ప్లాన్ కాగితానికీ జరిగిన పాఠానికీ తేడా ఉందని తప్పు పట్టకండి. పిల్లలకు అందడం లేదని తెలిసి దారి మార్చుకున్న టీచరు మంచి పనే చేశారు.

• "అందరూ అర్థమైందన్నారు" అని రాసి ఊరుకోకండి. కోరస్ జవాబులో తెలియని గొంతులు దాక్కుంటాయి.

• ముందు చూసిన టీచరుతో పోల్చి మార్కు వేయకండి.

• ఒక్క పాఠం చూసి "ఈ టీచరు ఇంతే" అనుకోకండి; జ్వరం వచ్చిన రోజు కావచ్చు, మీరు వచ్చారన్న బెదురు కావచ్చు.

• మీరు చదువుకున్న సబ్జెక్టు కాదని ఆ పాఠంలో పిల్లల పనిని చూడకుండా వదిలేయకండి.

• చూడని అంశానికి యాప్‌లో మార్కు నొక్కకండి. ఇది చిన్న తప్పు కాదు. ఆ అంకెలు చూసి జిల్లాలో శిక్షణలు నిర్ణయిస్తారు.

• బడికి వెళ్లకుండా పత్రం నింపకండి.

మాటలో

• స్టాఫ్ రూమ్‌లో అందరి ముందు చెప్పకండి. మెచ్చుకోలైనా పక్కవాళ్లను పోల్చేలా ఉంటే ఆపుకోండి.

• "మా రోజుల్లో మేము…" అని మొదలుపెట్టకండి.

• మొదట పొగడ్త, చివర పొగడ్త, మధ్యలో చురక పెట్టకండి. రెండోసారికి టీచరు మీ పొగడ్త వినగానే చురక కోసం కాచుక్కూర్చుంటారు.

• "మీరెప్పుడూ ఇంతే", "ఎన్నిసార్లు చెప్పాలి" అనకండి.

• మనిషి గొంతు, యాస, బట్టలు, ఒడ్డూ పొడుగూ గురించి మాట్లాడకండి. శ్రీకాకుళం యాసలో చెప్పినా, పాలమూరు యాసలో చెప్పినా పాఠం పాఠమే.

• మహిళా టీచర్లతో వాళ్ల ఇల్లు, పిల్లలు, సెలవుల ప్రస్తావన తేకండి.

• టీచరు కళ్లలో నీళ్లు తిరిగితే మాట కొనసాగించకండి; నీళ్లు తాగమని, ఇంకో రోజు కలుద్దామని చెప్పి ఆపండి.

• టీచరు ఎదురు వాదిస్తే గొంతు పెంచకండి. "మీరు చెప్పింది కూడా రాసుకుంటాను" అని రాసుకోండి.

• తెలియనిదానికి సలహా ఇవ్వకండి. "కనుక్కుని చెబుతాను" అనడంలో తప్పు లేదు, ఆ మాట నిలబెట్టుకోండి.

• అభిప్రాయాన్ని వాయిస్ మెసేజ్‌లో పంపించి ముగించకండి.

అధికారంలో

పరిశీలనను తనిఖీతో కలపడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. ఒకే సందర్శనలో మధ్యాహ్న భోజనం రిజిస్టరు, హాజరు, మరుగుదొడ్లు, పాఠం అన్నీ చూసేసి సంతకం పెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. తనిఖీ అవసరమే, దాన్ని వేరే రోజు పెట్టుకోండి. రెండూ ఒకే రోజు జరిగితే టీచరు మీకు తన మామూలు పాఠం చూపించరు. దాచిపెట్టిన మంచి చార్టు, ముందే చెప్పించిన జవాబులు చూపిస్తారు.

• పరిశీలన కాగితాన్ని మెమోకు ఆధారం చేయకండి.

• బదిలీ, ఇంక్రిమెంటు, సర్వీసు రిజిస్టరు పేరెత్తి భయపెట్టకండి.

• మార్కులను బడుల వారీగా పోల్చి గ్రూపులో పెట్టకండి.

• ఒక టీచరు పాఠంలో చూసినది ఇంకో టీచరు దగ్గర చెప్పకండి. ఆ కబురు మీకన్నా ముందు పక్క బడికి చేరుతుంది.

• గ్రామ పెద్దలకో, తల్లిదండ్రుల కమిటీకో టీచరు లోపాలు వినిపించకండి.

• మీ మీద పై అధికారి పెట్టిన ఒత్తిడిని టీచరు మీదికి దించకండి; వారంలో ఇన్ని పరిశీలనలు అన్న లెక్క మీది, ఆయనది కాదు.

• భోజనం, వాహనం, కానుక, ఏదీ టీచరు దగ్గర తీసుకోకండి.

• వ్యక్తిగతంగా గొడవ ఉన్న టీచరు పాఠం చూడడానికి మీరు వెళ్లకండి; వేరొకరిని పంపమని అడగండి.

• కొత్తగా చేరిన టీచరుకు మొదటి నెలల్లో గ్రేడు వేయకండి. ముందు అనుభవం ఉన్న టీచరు పాఠం చూడడానికి ఆయన్ని పంపండి, వచ్చాక ఏం చూశారో అడగండి.

• పదవీ విరమణ దగ్గరపడిన టీచరును "ఇంకెందుకులే" అని వదిలేయకండి. ఆ గదిలో పిల్లలకు ఈ సంవత్సరం ఒక్కటే ఉంటుంది.